కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్: ముక్కు మార్చిన పేరు

[తెరపై: వేలాడే చెవులు, పెద్ద కళ్లున్న చిన్న కుక్క]

సుమారు ఎనిమిది కిలోల బరువుండే ఈ కుక్క పేరు కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. పిలవాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే. ఇంతకీ ఈ రాజు ఎవరు?

[తెరపై: రెండో చార్లెస్ చిత్రపటం]

ఇంగ్లండ్‌ను 1660 నుంచి 1685 వరకు ఏలిన రెండో చార్లెస్. బుజ్జి స్పానియళ్లంటే ఆయనకు ప్రాణం. 1667లో ఒకనాడు సభ జరుగుతుంటే రాజు పని వదిలేసి కుక్కతో ఆడుకుంటున్నాడని నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో విసుక్కున్నాడు. కాగితాలు పట్టుకుని ఎదురుచూసే ఉద్యోగి చిరాకు ఏ కాలంలోనైనా ఒకటే! ఈ కుక్కలను ఎక్కడికైనా రానివ్వాలని చార్లెస్ శాసనం చేశాడని కూడా చెబుతుంటారు. అలాంటి చట్టమేదీ లేదు.

మరి కావలియర్? ఆయన తండ్రి కాలపు అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచినవారిని అలా పిలిచేవారు. కుక్కకు ఆ మాట తగిలింది మాత్రం 1928లో. దానికి కారణం ముక్కు.

[తెరపై: పాత చిత్రంలోని కుక్క, పక్కన చప్పిడి ముక్కు కుక్క]

పాత చిత్రాల్లో ఈ కుక్కల మూతి కోసుగా ఉంటుంది. 19వ శతాబ్దంలో పొట్టి ముక్కు మీద మోజు పెరిగింది. క్రమంగా మూతి అణిగి, తల గుండ్రంగా ఉబ్బింది. పగ్ వంటి జాతులతో కలపడమే కారణమని అంటారు. రూపం మారినా రాజు పేరు పోలేదు. 1903లో బ్రిటన్‌లో కుక్కల జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ దాన్ని టాయ్ స్పానియల్‌గా మార్చబోతే, అప్పటి రాజు ఏడో ఎడ్వర్డ్ కింగ్ చార్లెస్ పేరునే కోరుకున్నాడు.

తర్వాత రాస్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికన్ పాత చిత్రాల్లోని కుక్క కోసం ఇంగ్లండ్‌లో వెతికాడు. ఎటు చూసినా చప్పిడి ముక్కులే. దాంతో 1926లో, క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనకు పొడవు మూతి కుక్కను తెచ్చినవారికి 25 పౌండ్ల బహుమతి ప్రకటించాడు. పెంపకందారులు లోపమని పక్కన పెట్టే పిల్లలకు ఒక్కసారిగా విలువ వచ్చింది.

1928లో యాన్స్ సన్ అనే కుక్కను నమూనాగా తీసుకుని ఒక క్లబ్ ఏర్పడింది. రెండు రకాలకూ తేడా తెలియాలని పాత పేరుకు ముందు కావలియర్ చేర్చింది. ఎల్డ్రిడ్జ్ అప్పటికే కన్నుమూశాడు. 1945లో కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది.

[తెరపై: రెండు జాతులు పక్కపక్కన]

చప్పిడి ముక్కు జాతి ఇప్పటికీ ఉంది. బ్రిటన్‌లో దాని పేరు కింగ్ చార్లెస్ స్పానియల్. అమెరికాలో మాత్రం ఇంగ్లిష్ టాయ్ స్పానియల్! ఎడ్వర్డ్ వద్దన్న టాయ్ స్పానియల్ అక్కడ అలా నిలిచిపోయింది.