పాత పికప్‌లో బ్రేక్ పెడల్ తేడా కొడుతుంటే

అక్క: రికార్డవుతోందా? సరే, నమస్తే అందరికీ. పోయినసారి చెప్పినట్టే ఈ వారం పాత పికప్ బ్రేకులు. పెడల్ మెత్తబడటం, గట్టిపడటం, లోతుకు పోవడం, మూడూ వరసగా చూద్దాం.

తమ్ముడు: బ్రేక్ ఆయిల్ మాత్రం చివర్లో, అక్కా. మాటిచ్చావు.

అక్క: ఇచ్చాను. ముందు నీ బండి సంగతి చెప్పు.

తమ్ముడు: మూడు వారాలుగా పెడల్ సగం దాకా ఊరికే పోతోంది, ఆ తర్వాతే పట్టుకుంటోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగుతోంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ మార్చేశాను, పైపుల్లోని ఎయిర్ కూడా తీశాను. ఏం తేడా లేదు.

అక్క: మార్చేశావా? అప్పుడే?

తమ్ముడు: ఇరవై ఏళ్ల బండి. పెడల్ కిందికి పోతే మాస్టరే పోయిందని అందరూ అంటారు.

అక్క: అందరూ అంటే అయిపోతుందా? తొక్కగానే లోతుకు పోవడం వేరు, కాలు అలాగే అదిమి ఉంచితే మెల్లగా జారిపోవడం వేరు. బయట ఎక్కడా లీక్ లేకుండా జారుతుంటే, మాస్టర్‌లో రబ్బర్లు ఒత్తిడి ఆపలేక ఆయిల్ వెనక్కి పోతోందని అర్థం. నీది జారిందా?

తమ్ముడు: లేదు. పట్టుకున్నాక కదల్లేదు.

అక్క: మరి మాస్టర్ జోలికి ఎందుకు వెళ్లావు?

తమ్ముడు: ఎలాగూ పాతదే కదా, ఎప్పటికైనా మార్చాల్సిందే.

అక్క: అది నేను ఒప్పుకోను. కారణం తెలియకుండా భాగం మార్చేస్తే రెండు నష్టాలు. అసలు లోపం అలాగే ఉంటుంది, బాగుచేశామన్న ధీమాతో బండి మాత్రం రోడ్డెక్కుతుంది. బ్రేకుల విషయంలో ఆ ధీమాయే నాకు భయం.

తమ్ముడు: రెండో తొక్కుకు పైకి వస్తోందంటే లోపల గాలి ఉందనుకున్నా. తప్పా?

అక్క: తప్పు కాదు. గాలి ఉన్నా పంప్ చేస్తే పెడల్ పైకొస్తుంది. కానీ పైకొచ్చాక కూడా కాలి కింద స్పాంజిలా మెత్తగా ఉంటుంది. నీది ఎలా ఉంది?

తమ్ముడు: గట్టిగానే ఉంది.

అక్క: అదీ. మొదటి తొక్కులో ఆయిలంతా ఎక్కడో సందు పూడ్చడానికి పోతోంది. రెండో తొక్కుకల్లా ఆ సందు మూసుకుంటోంది. వెనక డ్రమ్ బ్రేకులున్న బండిలో నేను మొదట అనుమానించేది, షూలు, అంటే చక్రంతో తిరిగే డ్రమ్‌ని లోపలి నుంచి ఒత్తే ముక్కలు, అరిగి దానికి దూరమయ్యాయా అని.

తమ్ముడు: షూలను డ్రమ్ దగ్గరికి జరిపే స్టార్ వీల్ దానంతట అదే సర్దుకోవాలి కదా?

అక్క: సర్దుకోవాలి. చాలా బండ్లలో రివర్స్‌లో బ్రేక్ తొక్కినప్పుడు, కొన్నింటిలో హ్యాండ్‌బ్రేక్ లాగినప్పుడు తిరుగుతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతే తిరగదు. నువ్వు హ్యాండ్‌బ్రేక్ వాడవు, గేరులో పెట్టి దిగిపోతావు. ఇప్పుడే వెళ్లి హ్యాండ్‌బ్రేక్ నాలుగు క్లిక్కులు లాగి పెడల్ తొక్కి చూడు. అది వెనక షూలను డ్రమ్ దగ్గరికి తోస్తుంది, కాబట్టి పెడల్ పైకొస్తే సందు అక్కడే.

తమ్ముడు: ఇప్పుడా? మధ్యలోనా?

అక్క: వెళ్లు. నేను మాట్లాడుతుంటా.

(తలుపు చప్పుడు)

అక్క: వాడు లేడు కాబట్టి ఆయిల్ గురించి చెప్తా. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140. లోడుతో కొండ దిగుతూ బ్రేక్ మీదే కాలు పెడితే ఆ వేడి వచ్చేస్తుంది. ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. మా నాన్న పక్కన ఉండగా నాకు జరిగింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా, నేను గేరు దించేదాకా నా భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. అరగంట ఆగితే పెడల్ మళ్లీ మామూలైపోయింది. మెకానిక్ చూస్తే ఏ లోపమూ దొరకలేదు. దొరకదు, చల్లారితే ఆవిరి మళ్లీ ఆయిలే. అందుకే రెండేళ్లకోసారి మార్చండి అని...

తమ్ముడు: అక్కా, పైకొచ్చింది.

అక్క: ఎంత?

తమ్ముడు: దాదాపు పాత చోటికి. హ్యాండ్‌బ్రేక్ వదిలితే మళ్లీ కిందికే. రెండుసార్లు చూశా.

అక్క: ...బాధపడకు. మాస్టర్ తీసే ముందు ఈ పరీక్ష నీకు చెప్పాల్సింది నేనే.

తమ్ముడు: బాధ దాని గురించి కాదు. మొన్న పిల్లల్ని ఎక్కించుకుని తిప్పాను, బాగైపోయిందనుకుని.

అక్క: తెలుసు. ఇక తిప్పకు, డ్రమ్ములు విప్పేదాకా.

తమ్ముడు: సరే. గట్టిపడటం గురించి కూడా చెప్తానన్నావు.

అక్క: త్వరగా చెప్తా. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కండి, కాలు అదిమే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే, కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ సాయం అందుతోంది. దిగకపోతే వాక్యూమ్ పైపు, దాని వాల్వ్, బూస్టర్ చూడాలి. డీజిల్ బండైతే వాక్యూమ్ పంప్ కూడా. చాలా వాటిలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది.

తమ్ముడు: నేను ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలదాకా తొక్కాను. ఫర్వాలేదా?

అక్క: కొత్త మాస్టర్ కదా, నీకు ఫర్వాలేదు. పాతదైతే వద్దు. రోజూ రబ్బరు వెళ్లని చోట సిలిండర్ గోడకు తుప్పు ఉంటుంది, అక్కడిదాకా తోస్తే రబ్బరు చిరుగుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టుకోవాలి.

తమ్ముడు: డ్రమ్ములు ఇవాళే విప్పుదామా?

అక్క: విప్పుదాం. దుమ్ము గాలి కొట్టి ఊదకు, తడిపి తుడవాలి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ లోపల తడి ఉందేమో కూడా... జాకీ ఎక్కడ పెట్టావు?

తమ్ముడు: నీ బండిలోనే ఉంది.

అక్క: నా బండిలోనా? ఎప్పటి నుంచి?