తులసి కుండీ కింది పళ్లెం: సింగపూర్‌లో డెంగీ ఎక్కడ పుడుతుంది?

సింగపూర్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాల దగ్గర డెంగీ మాట ఎత్తినప్పుడల్లా "ఇంత శుభ్రమైన ఊళ్లో దోమలెక్కడివండీ?" అన్న ప్రశ్నే ఎదురవుతోంది, అది విని విని విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను. 2020లో ఈ శుభ్రమైన ఊళ్లోనే 35 వేల మందికి పైగా డెంగీ వచ్చింది.

దోమ అనగానే మనకు మురుగు కాలువ గుర్తుకు రావడమే ఈ పొరపాటుకు మూలం. మురుగులో పెరిగేది ప్రధానంగా క్యూలెక్స్ దోమ. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమకు కావలసింది నిలిచి ఉన్న తేట నీరు, కాబట్టి వీధి ఎంత శుభ్రంగా ఉన్నా దానికి వచ్చే నష్టమేమీ లేదు.

(తెరపై: బాల్కనీలో తులసి కుండీ)

ఈ కుండీ కింది పళ్లెం చూడండి. నీళ్లు కారి కింది అంతస్తు వారి బట్టలు తడిస్తే మాట పడాల్సి వస్తుందని మనమే పెట్టుకున్నాం. అందులో ఇరవై సెంట్ల నాణెమంత నీరు నిలిచినా ఏడిస్ గుడ్లు పెట్టగలదు. గుడ్డు దోమగా మారి ఎగరడానికి సుమారు వారం చాలు. అయితే నీళ్లు పారబోస్తే సరిపోతుందా? సరిపోదు, ఎందుకంటే గుడ్లు నీటిలో కాకుండా నీటి అంచుకు కాస్త పైన పళ్లెం గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. సెలవులకు ఊరెళ్లి నెల తర్వాత తిరిగొచ్చి, వాడిపోయిన తులసికి జాలిపడి చెంబెడు నీళ్లు పోస్తే, మనకంటే ముందు ఆ గుడ్లు సంతోషిస్తాయి. అందుకే పళ్లేన్ని పీచుతో రుద్ది కడగాలి.

ఆ పళ్లెం మన ఇంటి విషయం మాత్రమే కాదు. 150 మీటర్ల పరిధిలో 14 రోజుల్లోపు రెండు కేసులు వస్తే ఆ చోటును డెంగీ క్లస్టర్‌గా గుర్తిస్తారు. జాతీయ పర్యావరణ సంస్థ తనిఖీదారులు ఇంట్లోకి వచ్చి చూస్తారు, లార్వా కనిపిస్తే 200 డాలర్ల జరిమానా పడవచ్చు. ఇది అతి అని కొందరంటారు గానీ, నా దృష్టిలో న్యాయమే. ఇక్కడో విచిత్రం కూడా ఉంది: దశాబ్దాలుగా దోమలను అదుపులో ఉంచడం వల్ల చాలామందికి డెంగీ ఎన్నడూ సోకలేదు, దానితో జనంలో రోగనిరోధకత తగ్గి, వైరస్ వచ్చినప్పుడు సులువుగా పాకుతోంది.

మరి హైదరాబాద్‌లో ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవారికి భయం లేదా? నిజానికి వారే ఎక్కువ జాగ్రత్తపడాలి. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం సోకిన తర్వాత వేరే రకం సోకితే జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం పెరుగుతుంది.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. ఈ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూట కనుక, రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. ఏడిస్ దోమల సంతతిని తగ్గించడానికి 2016 నుంచి కొన్ని చోట్ల వదులుతున్న, వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమలు మగవి, కుట్టవు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడకూడదు. జ్వరం దిగే రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం మొదలైతే, బొప్పాయి ఆకు రసం నూరుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.