మొక్కజొన్న గింజ మీద ఊదా చుక్కలు

(వరంగల్ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం)

వ్యాఖ్యాత: నమస్కారం. వృక్షశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన ఆచార్యులు ఈ పూట మనతో ఉన్నారు. మొదటి ఫోను నర్సంపేట వైపు నుంచి. చెప్పండి, రాజయ్య గారూ.

రాజయ్య: నమస్కారం సార్. మా మనుమరాలు రంగుల మొక్కజొన్న విత్తనాలు గుప్పెడు తెస్తే పెరట్లో రెండు సాళ్లు వేశాను. కోసి వారం కాలేదు. కంకి ఒలిచి చూస్తే కొన్ని గింజల మీద ఊదా చుక్కలు, సిరా చిలకరించినట్టు. ఇది తెగులు, కోళ్లకు కూడా వేయవద్దని పక్కవాళ్లు అంటున్నారు.

ఆచార్యులు: గింజ మీద నూగు ఉందా? వేలితో రుద్దితే పొడి అంటుతోందా?

రాజయ్య: లేదు సార్. నున్నగా మెరుస్తోంది.

ఆచార్యులు: అయితే అది బూజు కాదు. బూజు పట్టిన గింజనైతే కోళ్లకు కూడా వేయకూడదు, అంతవరకు మీ పక్కవాళ్లు చెప్పింది నిజమే. గింజకు గింజ మొత్తం ఊదాగా ఉందా, తెల్ల గింజ మీద చుక్కలా?

రాజయ్య: రెండూ ఉన్నాయి.

ఆచార్యులు: గింజ మొత్తం రంగు మారితే పక్క సాలు పుప్పొడి వచ్చి పడిందనుకోవచ్చు. ఒకే గింజలో చుక్కలుంటే పుప్పొడితో ఆ లెక్క తేలదు. మీకు పాకాల చెరువు తెలుసు కదా. తూములో బండరాయి పడితే కాలువకు నీళ్లు రావు, తీసేస్తే వస్తాయి. మీ గింజలో ఊదా రంగు తయారు చేసే జన్యువు ఉంది. దాని మధ్యలో డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. రంగు ఆగింది, గింజ తెల్లబడింది. గింజ పెరిగేటప్పుడు ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచి మరోచోటికి పోయింది. ఆ కణానికి పుట్టిన కణాలన్నిటికీ రంగు తిరిగి వచ్చింది. మీరు చూసే చుక్క ఆ ఒక్క కణం సంతానం.

రాజయ్య: రాయి దానంతటది లేస్తుందా సార్?

ఆచార్యులు: మంచి ప్రశ్న. లేవదు, గడ్డపార పట్టే మనిషి కావాలి. ఈ ముక్క పేరు డీఎస్. దాన్ని లేపే ఎంజైమును తయారు చేసేది ఏసీ అనే మరో ముక్క. ఏసీ లేని గింజలో డీఎస్ కదలదు. ఇది 1940లలో కనిపెట్టినది అమెరికాలో బార్బరా మెక్‌క్లింటాక్ అనే శాస్త్రవేత్త, అదీ మొక్కజొన్న గింజల చుక్కలు చూసే. జన్యువులు దారానికి గుచ్చిన పూసల్లా కదలకుండా ఉంటాయని నమ్మే రోజులవి. చాలామంది ఆమె మాట పట్టించుకోలేదు. 1983లో నోబెల్ వచ్చేసరికి ఆమెకు 81 ఏళ్లు. నన్నడిగితే ఆ ఆలస్యం శాస్త్రవేత్తలకే చిన్నతనం.

రాజయ్య: మా మామూలు పసుపు మక్కల్లో ఇవి ఉండవా?

ఆచార్యులు: ఎందుకు ఉండవు? మొక్కజొన్న డీఎన్ఏలో దాదాపు 85 శాతం ఇలా చోటు మారే, ఎగిరే ముక్కలూ, వాటి శిథిలాలే. ఎక్కువ భాగం ఇప్పుడు కదలవు. అసలు మొక్కజొన్నకు ఆ రూపం రావడంలో వీటికీ పాత్ర ఉంది. దాని పూర్వీకురాలు మెక్సికోలో పెరిగే తియోసింతె అనే గడ్డి. అది గుబురుగా, పక్క కొమ్మలతో పెరుగుతుంది. కొమ్మలను అణిచే జన్యువు ఒకటుంది. దానికి కొంత దూరంలో ఎగిరే ముక్క ఒకటి చేరి, ఆ జన్యువు చేత ఎక్కువ పని చేయించింది. కొమ్మలు తగ్గి ఒంటి కాండం మిగిలింది. మనిషి ఆ గడ్డిని సాగుకు తేవడానికి వేల ఏళ్ల ముందే ఆ ముక్క అక్కడ చేరింది. మన పూర్వీకులు చేసింది ఎంచుకోవడమే. మీరొక పని చేయండి. గింజ ఇంకా పచ్చిగానే ఉంది కనుక గోటితో పై తొక్క తీసి, రంగు తొక్కలో ఉందో కింది పొరలో ఉందో చూసి మళ్లీ ఫోను చేయండి.

వ్యాఖ్యాత: పరకాల నుంచి సమ్మయ్య గారు.

సమ్మయ్య: సార్, నాది మిరప. ఆకులు ముడుచుకుంటున్నాయి. ఇదీ ఆ ఎగిరే జన్యువుల పనేనా?

ఆచార్యులు: కాదు! ఈ రోజు కనబడిన ప్రతిదానికీ వాటిమీద నేరం మోపకండి. ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?

సమ్మయ్య: పైకి, దోనెలాగా.

ఆచార్యులు: పై ముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. పూలు దులిపి తెల్ల కాగితం మీద చూడండి, సన్నని పురుగులు పాకితే ఆ కాగితంతోనే మీ మండల వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్లండి. మందు పేరు నేను ఫోనులో చెప్పను. అయితే మిరపకూ ఈ ముక్కలకూ వేరే సంబంధం ఉంది. టమాటాకూ మిరపకూ జన్యువులు దాదాపు 35 వేల చొప్పున ఉంటాయి. డీఎన్ఏ మాత్రం మిరపకు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. తమ నకళ్లు తామే రాసుకుంటూ పోయే ముక్కలు పేరుకుపోయాయి. అవి ఒక్కోసారి పక్కనున్న జన్యువునూ కలిపి నకలు తీస్తాయి. తెగుళ్లను పసిగట్టే జన్యువులు మిరపలో పెరిగిన దారుల్లో అదీ ఒకటి. తామర పురుగును మాత్రం అవి ఆపలేవు, పాపం.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఇంటర్ విద్యార్థిని సుమలత.

సుమలత: సార్, మనిషి డీఎన్ఏలో సగం చెత్త అని చదివాను. నిజమా?

ఆచార్యులు: చెత్త అనే మాట నాకు నచ్చదమ్మా. సుమారు 45 శాతం ఎగిరే ముక్కలవే, నిజం. చాలావరకు ఎప్పుడో చచ్చిపడినవి. ఎల్-1 అనే రకానికి అయిదు లక్షల నకళ్లున్నా, ఇంకా కదలగలిగినవి వంద లోపే. కదిలితే కీడు కూడా జరుగుతుంది. రక్తం గడ్డకట్టించే జన్యువులో ఎల్-1 దూరి ఇద్దరు పిల్లలకు హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, వచ్చిందని 1988లో బయటపడింది. ఇంకోవైపు చూడు. తల్లి కడుపులో మాయ ఏర్పడటానికి కావలసిన సిన్సిటిన్ అనే ప్రోటీను, ఎన్నడో మన పూర్వీకుల డీఎన్ఏలో చేరిన వైరస్ జన్యువు నుంచే వచ్చింది. వైరస్ కణంలోకి చొరబడటానికి వాడిన పనిముట్టుతో మాయ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. దాన్ని చెత్త అందామా?

సుమలత: అనలేం సార్. కానీ అవి మన మేలు కోసమే వచ్చాయా?

ఆచార్యులు: లేదు. అవి తమ నకళ్లు పెంచుకోవడానికే వచ్చాయి. పనికొచ్చినవి అరుదు. నష్టం చేసినవి మోసినవాళ్లతోపాటే పోయాయి కనుక మనకు కనిపించవు.

వ్యాఖ్యాత: రాజయ్య గారు మళ్లీ లైనులో ఉన్నారు.

రాజయ్య: సార్, తొక్క తీశాం. అది అద్దంలా ఉంది. రంగు కింది పొరలోనే ఉంది. మా మనుమరాలు ఒక గింజ మీద పదిహేడు చుక్కలు లెక్కపెట్టింది.

ఆచార్యులు: అయితే నేను చెప్పిన లెక్క సరిపోయింది. చుక్కలన్నీ ఒకే సైజా?

రాజయ్య: ఒకటి ఆవగింజంత. మిగతావి గసగసాలంత.

ఆచార్యులు: ఆవగింజంత చుక్కలో ముక్క ముందుగా లేచింది, ఆ కణానికి పిల్లలు పుట్టడానికి వ్యవధి దొరికింది. మిగతా పదహారు చోట్ల ఆలస్యమైంది. ఆ కంకిని వండకుండా దాచమని చెప్పండి, వచ్చే వానాకాలం దాని గింజలే వేయించండి. చుక్కలు మళ్లీ ఇలాగే రావు.