కుర్చీలు 3,617, నిలబడేవాళ్లు 18 వేలు: యూనియన్ బెర్లిన్ మ్యాచ్‌డే రివ్యూ

22 వేల మంది పట్టే స్టేడియంలో కుర్చీలు ఎన్ని ఉండాలంటారు? ఇక్కడ ఉన్నవి 3,617. మొత్తం కెపాసిటీ 22,012. మిగతా 18 వేల పైచిలుకు జనం మెట్ల మీద నిలబడే మ్యాచ్ చూస్తారు. డబ్బులిచ్చి మరీ నిలబడతారు. కుర్చీ ఇస్తానన్నా వద్దనేవాళ్లే ఎక్కువ.

నమస్తే అండి, ఛానల్‌కి స్వాగతం. ఈ రోజు రివ్యూ బెర్లిన్‌లోని ఎఫ్‌సీ యూనియన్ బెర్లిన్ క్లబ్ సొంత మైదానం, 'ఆన్ డెర్ ఆల్టెన్ ఫోర్స్టెరై' గురించి. నోరు తిరగకపోతే వదిలేయండి, నాకూ చాలా రోజులు పట్టింది. ఆటగాళ్ల ఫామ్, కోచ్ వ్యూహాలు ఈ వీడియోలో ఉండవు. మ్యాచ్ రోజు అక్కడ ఎలా ఉంటుంది, ఆ సందడి ఎక్కణ్ణుంచి పుడుతుంది, ఇంత డబ్బు తిరిగే ఫుట్‌బాల్‌లో అదింకా ఎలా బతికి ఉంది, అంతే.

ముందు దారి చెప్తాను. ఎస్3 లోకల్ రైలెక్కి కోపెనిక్ స్టేషన్‌లో దిగాలి. బెర్లిన్‌కి ఆగ్నేయం వైపు ఉంటుంది. అక్కడి నుంచి మ్యాప్ తీయక్కర్లేదు, ఎర్ర మఫ్లర్ల వెనకాల నడిస్తే చాలు. చివర్లో చెట్ల మధ్య నుంచి వెళ్తారు, స్టేడియం అడవి అంచున ఉంది మరి. చెట్లు దాటగానే కాల్చిన సాసేజ్‌ల వాసన, ఆ పక్కనే ఎర్ర ఇటుకలతో పాత ఫ్యాక్టరీ తరహాలో కట్టిన మెయిన్ స్టాండ్. ఈ ప్రాంతం ఒకప్పుడు ఫ్యాక్టరీల ప్రాంతమే. క్లబ్‌కి మొదటి నుంచీ అభిమానులు ఆ కార్మికులే.

లోపలికి వెళ్తే నాలుగు వైపుల్లో మూడు వైపులా నిలబడే మెట్లే. మీ చోటు అంటూ నంబర్ ఉండదు. ముందొచ్చినవాళ్లకి మంచి చోటు. ఆలస్యంగా వెళ్తే ఆరడుగుల జర్మన్ వెనకాల నిలబడి ఆయన టోపీ చూసుకోవాలి. కానీ మెట్లు మైదానానికి ఎంత దగ్గరంటే, కార్నర్ కిక్ కొట్టేవాడు బూట్ల లేసు కట్టుకోవడం కూడా కనిపిస్తుంది.

ఆట మొదలయ్యే ముందు జట్టు ప్రకటన వస్తుంది. అనౌన్సర్ ఒక్కొక్క ఆటగాడి పేరు చదువుతాడు. ప్రతి పేరు తర్వాత స్టేడియం మొత్తం ఒకే గొంతుతో 'ఫుస్‌బాల్‌గాట్' అంటుంది. ఫుట్‌బాల్ దేవుడు అని. స్టార్ స్ట్రైకర్‌కీ అదే, పోయిన వారం పెనాల్టీ పోగొట్టినవాడికీ అదే. తర్వాత పంక్ గాయని నీనా హాగెన్ పాడిన క్లబ్ గీతం. అందరూ మఫ్లర్లు రెండు చేతులతో పైకెత్తి పాడతారు. ఆ తర్వాత ఒక వైపు స్టాండ్ 'ఐజర్న్' (అంటే ఇనుప) అని అరిస్తే ఎదురు స్టాండ్ 'యూనియన్' అని బదులిస్తుంది. జర్మన్ రాకపోయినా ఈ రెండు ముక్కలు వస్తే పని జరిగిపోతుంది.

మనవాళ్లకి ఈ గోల కొత్తేమీ కాదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఫస్ట్ డే ఫస్ట్ షో చూసినవాళ్లకి ఈలలు, చింపి ఎగరేసిన కాగితాలు, పక్కవాడి మాట వినపడకపోవడం అన్నీ తెలుసు. తేడా ఒక్కటే. తెర మీద హీరోకి మన కేక వినపడదు, సీన్ మారదు. ఇక్కడ వినపడుతుంది. ఎనభయ్యో నిమిషంలో కాళ్లీడుస్తున్న డిఫెండర్ ఆ కేకకి ఇంకో ముప్ఫై గజాలు పరిగెడతాడు. రిఫరీకీ వినపడుతుంది, అది మాత్రం ఆయన ఒప్పుకోడు లెండి.

నమ్మకపోతే 2020 గుర్తు చేసుకోండి. కోవిడ్ ఆపిన బుండెస్‌లిగా, అంటే జర్మనీ మొదటి శ్రేణి ఫుట్‌బాల్ లీగ్, మే నెలలో ఖాళీ స్టేడియంలలో మళ్లీ మొదలైంది. మే 17న ఇదే మైదానంలో బయర్న్ మ్యూనిక్ 2-0తో గెలిచింది. టీవీలో వినిపించింది బంతి దెబ్బ, కోచ్‌ల అరుపులు, అంతే. ఖాళీ స్టేడియంలలో సొంత మైదానం బలం తగ్గిందనీ, బయటి జట్ల మీద రిఫరీలు చూపే కార్డులు తగ్గాయనీ తర్వాత పరిశోధకులు లెక్కలు కట్టి మరీ చూపించారు.

ఇక్కడ రాయని రూల్స్ కొన్ని ఉన్నాయి. చివరి విజిల్ కాకుండా స్టేడియం వదలకూడదు. సొంత ఆటగాణ్ణి ఎగతాళి చేసి ఈలవేయకూడదు. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, ఓడిపోయేటప్పుడు కదా తెలిసేది అనుకుంటాం. 2023లో తెలిసింది. ఆ సీజన్‌లోనే యూనియన్ మొదటిసారి యూరప్ పెద్ద క్లబ్‌ల టోర్నీ చాంపియన్స్ లీగ్‌కి వెళ్లింది, రియల్ మాడ్రిడ్ ఉన్న గ్రూప్‌లో పడింది. అదే సమయంలో బుండెస్‌లిగాలో వరసగా తొమ్మిది మ్యాచులు ఓడింది. తొమ్మిది! మన దగ్గర మూడు ఓడితే దిష్టిబొమ్మలు తగలబెడతారు. ఇక్కడ మ్యాచ్ అయిపోయాక జట్టు తల దించుకుని స్టాండ్ ముందుకొస్తే జనం పాడుతూ నిలబడ్డారు. కోచ్ ఉర్స్ ఫిషర్ నవంబర్‌లో వెళ్లిపోయినప్పుడు ఆయన్ని తిట్టి పంపలేదు. మూడో శ్రేణి, నాలుగో శ్రేణి లీగుల్లో తిరిగిన క్లబ్‌ని అక్కడిదాకా తెచ్చింది ఎవరో వాళ్లకి గుర్తుంది, 2019లో మొదటిసారి బుండెస్‌లిగాకి ఎక్కించింది ఆయనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. వీళ్లకి ఇంత మమకారం ఎందుకు? జర్మన్లు మంచివాళ్లు, మనవాళ్లు కాదు అనే జవాబు నేను ఒప్పుకోను. వెనక చరిత్ర ఉంది.

2004లో క్లబ్ దివాలా అంచున ఉంది, ఆడటానికి లైసెన్స్ దొరకాలంటే డబ్బు చూపించాలి. అభిమానులు రక్తదానం చేసి, దానికి వచ్చిన డబ్బు క్లబ్‌కి ఇచ్చారు. అక్షరాలా రక్తం. 2008 వచ్చేసరికి పాత మెట్లు శిథిలమై స్టేడియం పనికిరాదన్నారు. కాంట్రాక్టర్‌కి ఇచ్చే స్తోమత లేదు. 2 వేలకు పైగా అభిమానులు హెల్మెట్లు పెట్టుకుని, సెలవులు పెట్టుకుని వచ్చి సుమారు 1,40,000 గంటలు జీతం లేకుండా పనిచేశారు. 2009 జూలైలో స్టేడియం మళ్లీ తెరిచారు. 2011లో స్టేడియం కంపెనీ వాటాలు 500 యూరోలకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు, అదీ బయటివాళ్లకి కాదు, ప్రధానంగా సభ్యులకే. నేను నిలబడ్డ మెట్టుకి సిమెంటు పోసినాయన నాలుగు మెట్ల కింద నిలబడి ఉండవచ్చు. అలాంటిచోట కప్పు విసిరేసి, ఉమ్మేసి వెళ్లడానికి ఎవరికి మనసొస్తుంది చెప్పండి?

మ్యాచ్ లేని రోజుల్లో కూడా ఇది వాళ్ల ఇల్లే. 2003 డిసెంబర్ 23 రాత్రి 89 మంది అభిమానులు లోపలికి చేరి క్రిస్మస్ పాటలు పాడారు. ఇప్పుడు ఏటా అదే రాత్రికి మైదానం గడ్డి మీద కూడా జనం నిండిపోతారు, దాదాపు 28 వేలు. 2014 వరల్డ్ కప్‌కి ఇళ్లలోని సోఫాలు మోసుకొచ్చి గ్రౌండ్‌లో వేసుకుని పెద్ద తెర మీద మ్యాచులు చూశారు. 2019 ఆగస్టు 18న మొదటి బుండెస్‌లిగా మ్యాచ్‌కి, ఆ రోజు చూడకుండానే చనిపోయిన అభిమానుల ఫొటోలు పెద్దగా ప్రింట్ చేయించి తెచ్చి స్టాండ్‌లో ఎత్తి పట్టుకున్నారు. ఆ మ్యాచ్ 0-4తో పోయింది. ఆ వీడియో చూసి ఏడవనివాళ్లు కామెంట్ పెట్టండి, మీతో నాకు పని ఉంది.

ఇక రూల్ ఒకటి చెప్పాలి, ఇది చెప్పకపోతే కథంతా సెంటిమెంటే అనుకుంటారు. జర్మనీలో 1998 నుంచి '50 ప్లస్ 1' అనే నిబంధన ఉంది. క్లబ్ కంపెనీగా మారినా ఓటు హక్కుల్లో సగానికి ఒకటి ఎక్కువ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. లెవర్‌కుసన్, వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్‌ల లాంటి మినహాయింపులు ఉన్నాయి, లైప్జిగ్ క్లబ్ విషయంలో గొడవలూ ఉన్నాయి. అయినా మొత్తం మీద ఒక కోటీశ్వరుడొచ్చి క్లబ్ కొనేసి రంగు మార్చేస్తానంటే కుదరదు. 2023 చివర్లో లీగ్ తన మీడియా ఆదాయంలో వాటా ఒక పెట్టుబడి సంస్థకి అమ్మబోతే, దేశమంతా అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు విసిరి మ్యాచులు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచన మానుకుంది.

ఈ రూల్ విలువ హైదరాబాద్ వాళ్లకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది కాబట్టి గచ్చిబౌలిలో కూర్చుని ఆ జట్టు ఆట చూసే అదృష్టం కూడా దక్కలేదు. తర్వాత అప్పులు, జీతాల బకాయిలు, ఓనర్లు మారడం. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో జెర్సీలు కొన్నవాళ్లని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. రహీమ్ సాబ్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశాన్ని ఏలిన ఊరు ఇది. ఆట మీద ప్రేమ తక్కువై కాదు, ఓటు లేకే ఇలా అయింది.

ఇంగ్లండ్ ఇంకో దారి. 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో 97 మంది చనిపోయారు. దాని తర్వాత పై రెండు శ్రేణుల స్టేడియంలన్నీ కుర్చీలతోనే ఉండాలన్నారు. భద్రత పెరిగింది, అందులో వాదన లేదు. టికెట్ రేట్లూ పెరిగాయి, కుర్రాళ్లు తగ్గారు, టూరిస్టులు పెరిగారు. 2016లో లివర్‌పూల్ 77 పౌండ్ల టికెట్ అంటే, సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు 2-2తో ముగించింది, ఓనర్లు క్షమాపణ చెప్పి రేటు వెనక్కి తీసుకున్నారు. 2019లో టోటెన్‌హామ్ కొత్త స్టేడియం కట్టినప్పుడు ఒక వైపు 17,500 మంది పట్టే ఒకే స్టాండ్ పెట్టింది, జర్మన్ క్లబ్ డార్ట్‌మండ్ అభిమానులు నిలబడే భారీ స్టాండ్ 'పసుపు గోడ'ని చూసి. కాంక్రీటు కాపీ కొట్టొచ్చు, ఆ గొంతుని కాదు. 2022 నుంచి ఇంగ్లండ్‌లో కూడా రెయిలింగ్ పెట్టి, లైసెన్స్ ఇచ్చి నిలబడనిస్తున్నారు, అది నిజంగా మంచి మార్పు.

సరే, యూనియన్‌లో లోపాలు చెప్పకపోతే ఇది రివ్యూ కాదు, భజన. 2024 డిసెంబర్ 14న బోకుమ్‌తో మ్యాచ్‌లో ఇక్కడి స్టాండ్ నుంచి విసిరిన లైటర్ బోకుమ్ గోల్‌కీపర్ తలకి తగిలింది. 1-1తో ముగిసిన ఆ మ్యాచ్‌ని తర్వాత జర్మన్ ఫుట్‌బాల్ సంఘం కోర్టు బోకుమ్‌కి 2-0 విజయంగా మార్చింది. విసిరినవాడు ఒక్కడే, పోయిన పాయింటు అందరిదీ. దగ్గరగా నిలబడనిస్తే ఈ ప్రమాదం కూడా వస్తుంది. అభిమానుల మీద నాకున్న ఇష్టం ఈ విషయంలో సాకుగా పనికిరాదు.

రెండోది టికెట్. సభ్యుల సంఖ్య స్టేడియం కెపాసిటీకి మూడు రెట్లు దాటింది. టికెట్లు ముందు సభ్యులకే, వాళ్లకే సరిపోవు. బెర్లిన్ చూడటానికి వచ్చి 'ఒక మ్యాచ్ చూద్దాం' అనుకునేవాళ్లకి దాదాపు కుదరదు. మనకి నష్టమే, కానీ టూరిస్టులతో నిండితే ఆ గొంతు ఉండదు కదా, ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. మూడోది కాళ్లు. శనివారం మధ్యాహ్నం 3:30 మ్యాచ్ అంటే 2 గంటల నుంచి నిలబడాలి. జనవరిలో అయితే పాదాలు ఉన్నాయో లేవో తెలియదు. పెద్దవాళ్లని తీసుకెళ్తే కుర్చీ టికెట్ కోసమే ప్రయత్నించండి.

క్లబ్ స్టేడియాన్ని 40,500కి పెంచే ప్రణాళిక ప్రకటించింది, అందులో కూడా ఎక్కువ భాగం నిలబడే మెట్లే. పనులు జరిగేటప్పుడు జట్టు కొంతకాలం బయట ఆడాల్సి వస్తుంది. చాంపియన్స్ లీగ్ మ్యాచులు ఒలింపిక్ స్టేడియంలో ఆడినప్పుడు జనం నిండారు, కానీ అక్కడ మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంది, పాట గడ్డి దాకా వచ్చేసరికి సగం గాలికి పోతుంది. రెట్టింపు జనంతో ఈ సాన్నిహిత్యం ఉంటుందా అంటే, నా అనుమానం నాకుంది. అయినా బయట క్యూలో ఉన్న కుర్రాళ్లని ఎన్నాళ్లు ఆపుతారు?

జర్మనీలో ఉన్న మనవాళ్లకి ఒక సలహా. సభ్యత్వం తీసుకోండి, టికెట్ల లాటరీకి పేరివ్వండి, బ్లాక్ టికెట్ జోలికి పోకండి. ఈలోపు యూనియన్ మహిళల జట్టు మ్యాచులు కూడా ఇదే మైదానంలో జరుగుతాయి, టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, ముందు అక్కడ మొదలుపెట్టండి. ఎదుటి జట్టు రంగు చొక్కా వేసుకుని నిలబడే స్టాండ్‌లోకి మాత్రం వెళ్లకండి. వచ్చే వీడియోలో డార్ట్‌మండ్. అక్కడ ఏ స్టాండ్‌లో నిలబడాలో తెలిసినవాళ్లు కామెంట్‌లో చెప్పండి. ఉంటాను.