పిల్లి దగ్గరే ఆగిపోయిన ఎపిసోడ్

అన్న: హనుమకొండ నుండి శ్రోతలందరికీ నమస్కారం. పోయిన వారం మాట ఇచ్చినట్టే ఈ రోజు 2000లో వచ్చిన ‘చిత్రం’ అనే సినిమా గురించి మాట్లాడుకుందాం.

చెల్లె: మొదలుపెట్టు, అన్నా. అమ్మ కూడా వింటున్నది.

అన్న: ‘చిత్రం’ తీసిన తేజ, అంతకు ఎనిమిదేళ్ల ముందు, అంటే 1992లో, రాంగోపాల్ వర్మ దెయ్యం సినిమా ‘రాత్రి’కి ఛాయాగ్రాహకుడు. ఇంటర్మీడియట్ పిల్లల అల్లరి చూపించి మనల్ని నవ్వించిన మనిషే, అంతకు ముందు అందులోని కథానాయిక రేవతి వెంట కెమెరాను పరుగెత్తించి మనకు నిద్ర లేకుండా చేశాడు.

చెల్లె: రెండు నిమిషాలు కూడా కాలేదు, అప్పుడే కెమెరా వచ్చేసింది. నువ్వు కెమెరా మాట ఎత్తుతావని వేసిన పందెం నేనే గెలిచాను.

అన్న: రాకుండా ఎట్లా ఉంటుంది? ‘రాత్రి’లో ఇల్లు పాడుబడ్డ కోట కాదు, మన కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లలాంటి మామూలు కుటుంబం కొత్తగా దిగే ఇల్లు. అందులో పట్టపగలే భయం వేస్తుంది.

చెల్లె: ఆ భయం వెలుతురుది కాదు, చప్పుడుది. నేపథ్య సంగీతం మణిశర్మది. వీసీఆర్ అద్దెకు తెచ్చి చూసిన రోజున నువ్వు కళ్లు మూసుకోలేదు, చెవులు మూసుకున్నావు. గూడ్సు బండి కూత వేస్తే పెద్దనాన్న ఒళ్లోకి దూకినవాడివి కూడా నువ్వే.

అన్న: అది వేరే విషయం. నేను చెప్పేది పిల్లి గురించి. కారు వెనక్కు తీస్తుంటే చక్రం కింద పడి పిల్లిపిల్ల చనిపోవడంలో దెయ్యం లేదు, మంత్రం లేదు. ఏ వాకిట్లోనైనా జరిగే ప్రమాదమే. దానిని పూడ్చిపెడతారు. తరువాత అదే పిల్లి మళ్లీ కనబడినప్పుడు వెన్ను జలదరిస్తుంది. ముఖానికి రంగు పూసి, జుట్టు విరబోసి, ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేసే ఈ కాలపు సినిమాలకు ఆ ఓపిక లేదు.

చెల్లె: ఉన్నట్టుండి వచ్చే చప్పుడును నేను తప్పు పట్టను. పక్కింటి కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడతాము, కానీ అది మరుక్షణమే మరిచిపోయే భయం. మరిచిపోలేని భయం కావాలంటే మన ఇంట్లో జరగగలిగినదే తెర మీద జరగాలి. ఆ లెక్కన నన్ను ఎక్కువగా భయపెట్టినది ‘రాత్రి’ కాదు, ‘చిత్రం’.

అన్న: అది హాస్య చిత్రం, చెల్లే!

చెల్లె: నీకు హాస్యం. అది వచ్చిన ఏడాది నేను ఇంటర్ చదువుతున్నాను. పెళ్లి కాకముందే తోటి విద్యార్థి వల్ల గర్భవతి అయిన అమ్మాయిని చూసి హాలంతా నవ్వుతుంటే, నాకు గొంతు తడి ఆరిపోయింది. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందన్న ఒక్క ఆలోచన, సినిమా అయిపోయి బస్సెక్కిన తరువాత కూడా నన్ను వదలలేదు. దెయ్యమైతే ఒక ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇల్లు ఖాళీ చేస్తే సరిపోతుంది.

అన్న: అయినా ఆ సినిమా ఆ అమ్మాయిని బావిలో తోయలేదు, ఏడిపించి ఊరి బయటికి పంపలేదు. ఇద్దరికీ పెళ్లి చేసి, చదువు కొనసాగించింది. అప్పటికి అది చిన్న మాట కాదు.

చెల్లె: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పదిహేడేళ్ల పిల్లవాడు తండ్రి కావడంలో ఉన్న తికమక నవ్వు తెప్పించవచ్చు. ఆ అమ్మాయి ఒంటికి కలిగే కష్టాన్ని కూడా అదే నవ్వులో కలిపేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మొన్న మళ్లీ చూసినప్పుడు అక్కడే ఆపేసి, లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

అన్న: నేను అట్లా ఎప్పుడూ చూడలేదు.

చెల్లె: నీవు చూడవలసిన అవసరం రాలేదు, అన్నా.

అన్న: హీరో ఉదయ్ కిరణ్‌కు అది మొదటి సినిమా. ఆ ముఖంలోని అమాయకత్వాన్ని చూసే నేను నవ్వాను. 2014 జనవరిలో ఆయన పోయాడన్న వార్త వచ్చిన నాటి నుండి ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోతున్నది.

చెల్లె: …అవును.

అన్న: ఆర్పీ పట్నాయక్ పాటల గురించి రాసుకొచ్చిన కాగితం ఇక్కడే ఉంది.

చెల్లె: పాటలు బాగున్నాయి. ఆ కాగితం మడిచి పెట్టు, గంట దాటింది. నేను అడిగినదానికి జవాబు చెప్పు: ‘రాత్రి’లో వెలుతురే భయపెట్టిందంటున్నావు కదా, మరి అదే మనిషి చూపించిన కాలేజీలో నీకు భయం ఎందుకు కనబడలేదు?

అన్న: గూడ్సు పోతున్నది, అది పోయేదాకా ఆగు. నేను అనేది ఏమిటంటే, ఆ కారు వెనక్కు వచ్చేటప్పుడు కెమెరా గనుక కొంచెం కింద ఉండి ఉంటే…

చెల్లె: మళ్లీ పిల్లేనా? రికార్డింగ్ ఆపుతున్నాను.