చరిత్ర చక్రం, బీరువా తాళంచెవి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే ఫోన్లు తీసిన పెద్దలకు, జాగా లేక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు, ఈ గ్రంథాలయ వారోత్సవాలకు నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన వాళ్లకు, ఇప్పుడే మైకు సరిచేసిన తమ్ముడికి. శాలువా వద్దని మొన్న ఫోన్లోనే చెప్పాను, అయినా కప్పారు. మా ఇంట్లో ఇప్పటికే పదకొండు ఉన్నాయి, మా ఇంటామె ఒకటి కుట్టుమిషన్ మీద, ఒకటి మిక్సీ మీద కప్పింది. వచ్చే ఏడు ఎవరినన్నా సన్మానం చేస్తే తువ్వాల ఇవ్వండి, తుడుచుకోవడానికన్నా పనికొస్తుంది.

నాకిచ్చిన అంశం చరిత్రలో చక్రాలు, సమాజంలో కల్లోలాలు. పదిహేను నిమిషాలన్నారు. ముప్పై ఏళ్లు హిస్టరీ పాఠం చెప్పినవాణ్ని, బెల్లు కొడితే తప్ప ఆపడం రాదు, బెల్లు కొట్టేవాళ్లను ఎవరినన్నా పెట్టుకోండి.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కలిమిలేములు కావడి కుండలు అనీ తెలుసు. యుగాల లెక్క కూడా ఉంది. కలియుగానికి 4,32,000 ఏళ్లు, గడిచింది ఐదు వేల పైచిలుకే. అంటే ఇంకా 4 లక్షల 26 వేల ఏళ్లకు పైనే మిగిలింది, దాని కోసం కూర్చుంటే మనకు లాభం లేదు. కొంచెం చేతికందే చక్రం పంచాంగంలోని అరవై సంవత్సరాలది. నేను సరదాకు ఒకసారి ఆ పేర్లు మన చరిత్ర పక్కన రాసి చూసుకున్నాను. 1946 జూలై 4న కడవెండిలో, దొరల మీద తిరగబడ్డ తెలంగాణ సాయుధ పోరాటంలో దొడ్డి కొమురయ్య తుపాకీ దెబ్బకు పడిపోయింది వ్యయ నామ సంవత్సరంలో. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది జయ నామ సంవత్సరంలో. అబ్బా, ఎంత బాగా కుదిరిందీ అనుకున్నాను. మరి 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండి పిల్లల మీద కాల్పులు జరిగినప్పుడు? 369 మంది పోయారని ఉద్యమకారులు లెక్క చెప్తారే, ఆ ఏడాది పేరు సౌమ్య. పంచాంగం పక్కన పెట్టేశాను.

పాశ్చాత్యులూ తక్కువ తినలేదు. గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్, రాజు నియంత అవుతాడు, నియంతను దించి పెద్దమనుషులు వస్తారు, వాళ్లు ముఠా అవుతారు, జనం లేస్తారు, జనం గుంపవుతారు, మళ్లీ ఒక రాజు వస్తాడని రెండు వేల ఏళ్ల కిందే గిర్రున తిప్పి చూపించాడు. ఇంగ్లీషు చరిత్రకారుడు టాయిన్బీ నాగరికతలు ఎట్లా లేచి ఎట్లా పడతాయో 1934 నుంచి 1961 దాకా పన్నెండు సంపుటాలు రాశాడు. ఆ టాయిన్బీ సంక్షిప్త ప్రతి ఒకటి ఈ గ్రంథాలయంలో ఉంది, ఇచ్చింది నేనే. దాని సంగతి తర్వాత చెప్తాను, మరిచిపోతే గుర్తు చేయండి.

వీళ్లందరిలో నాకు ఇష్టమైనవాడు అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్. 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు, చిన్న వయసులోనే ప్లేగుకు తల్లిదండ్రులు పోయారు, తర్వాత భార్యాపిల్లలు ఓడ మునిగి పోయారు. ఎందరో సుల్తానుల దగ్గర కొలువు చేశాడు, జైలుకూ పోయాడు. 1401లో తైమూరు డమాస్కస్‌ను ముట్టడించినప్పుడు ఈ ముసలాయన కోటగోడ మీది నుంచి తాళ్లు కట్టించుకుని కిందికి దిగి, తైమూరు గుడారానికి పోయి మాట్లాడి, ప్రాణాలతో తిరిగొచ్చాడు. అట్లాంటివాడు రాజ్యాలు ఎట్లా కూలుతాయో చెప్తే వినాలి కదా. ఆయన చెప్పేది చాలా మామూలు మాట. ఎడారిలో, కొండల్లో కష్టం తిన్న గుంపుకు ఒక కట్టు ఉంటుంది, ఒకరి కోసం ఒకరు చస్తారు. ఆ కట్టుతోనే వచ్చి రాజ్యం పట్టుకుంటారు. మొదటి తరం కష్టం మరవదు, రెండో తరం కష్టపడ్డవాళ్లను కళ్లారా చూస్తుంది, మూడో తరానికి సుఖం తప్ప ఏమీ తెలియదు. తరానికి నలభై ఏళ్లు, మూడు తరాలకు నూట ఇరవై, అయిపోయింది. పన్నుల గురించి ఇంకో మాటన్నాడు, రాజ్యం కొత్తలో పన్ను తక్కువ, రాబడి ఎక్కువ, చివరికొచ్చేసరికి పన్ను ఎక్కువ, రాబడి తక్కువ.

దీనికి ఉదాహరణ మన జిల్లా పక్కనే ఉంది. నాగార్జునకొండ. విజయపురి ఇక్ష్వాకులు నలుగురే రాజులు, శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. మొత్తం కలిపి ఒక వందేళ్లు. ఇబ్న్ ఖల్దూన్ చూస్తే నేను చెప్పలేదా అనేవాడు. కానీ మన నిజాములు, అసఫ్‌జాహీలను చూడండి, 1724 నుంచి 1948 దాకా, 224 ఏళ్లు. ఇక్కడ ఆయన లెక్క కుదరలేదు. కుదిరినవి చెప్పి కుదరనివి మింగేస్తే ఎవరైనా సిద్ధాంతకర్త కావచ్చు, జాతకాలు చెప్పేవాళ్లు చేసేదీ అదే.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను.

మాది మూసీ ఒడ్డున ఒక పల్లె. ఊరి నడుమ గడి. మా నాయనమ్మ వెట్టికి గడిలో వడ్లు దంచేది. చెప్పులు ఊరి బయటే విడిచి, గడి ముందు నుంచి తల వంచుకుని పోవాలి. మీరు సినిమాల్లో చూసిందే, నేను ఆమె చేతుల్లో చూశాను. రోకలి పట్టిన చోట అరచేతిలో రెండు కాయలు ఉండేవి, గట్టిగా, నున్నగా, చింతగింజల్లా. చిన్నప్పుడు నేను పడుకుని వాటిని వేలితో గీకుతుంటే, "వద్దు బిడ్డా, అవి పోతే రోకలి ఎట్ల పట్టాలె" అనేది. అప్పటికి వెట్టి పోయి ఎన్నో ఏళ్లయింది. కాయలు పోలేదు.

సంగం, అంటే ఆంధ్రమహాసభ, వచ్చినప్పుడు మా ఊళ్లోనూ గుత్పకర్రలు పట్టుకుని లేచారు. విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉన్న కాలం అది. మా దొర అంతటివాడు కాదు, చిన్న దొర, కానీ చిన్న దొర దగ్గర దెబ్బలేం చిన్నగా ఉండవు. ఒక రాత్రి దొర హైదరాబాదు పారిపోయాడు. గడిలో ధాన్యం పంచారు. మా తాతకు బంచరాయిలో, అంటే ఊరి బీడు భూమిలో, మూడెకరాలు వచ్చింది. అప్పుడు ఊరంతా ఓడలు బండ్లయినయి, బండ్లు ఓడలయినయి అనుకున్నారట. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాయి. నిజాం పోయాడు. తర్వాత కొన్ని నెలలకు దొర తిరిగొచ్చాడు, పోయేటప్పుడు నెత్తిన రూమీ టోపీ, వచ్చేటప్పుడు గాంధీ టోపీ. వెనక పోలీసు క్యాంపు. మూడెకరాలు వెనక్కి పోయాయి. ధాన్యం లెక్క అడిగారు. మా తాతను గడి ముందర చింతచెట్టుకు కట్టేశారు.

మా నాయనమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో ఆపేది. "చక్రం తిరిగింది బిడ్డా. దొర మాత్రం బండి దిగలె."

ఇబ్న్ ఖల్దూన్‌ను చదివిన చాలా ఏళ్లకు నాకు ఆ మాట విలువ తెలిసింది. చక్రాల సిద్ధాంతాలన్నీ చక్రం ఎప్పుడు తిరుగుతుంది, ఎన్నేళ్లకు తిరుగుతుంది అని లెక్కలు వేస్తాయి. బండిలో ఎవరు కూర్చున్నారు, కింద ఎవరు పడ్డారు అనేది చదువు రాని మనిషి అడిగింది.

అమెరికావాళ్లు ఇద్దరు, స్ట్రాస్, హోవ్ అని, 1997లో ఒక పుస్తకం రాశారు. ఎనభై ఏళ్లకొకసారి, అంటే ఒక నిండు జీవితానికి ఒకసారి, పెద్ద సంక్షోభం వస్తుందట, వాళ్ల స్వాతంత్ర్య యుద్ధం, తర్వాత అంతర్యుద్ధం, తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. నాలుగు రుతువుల్లా నాలుగు మలుపులు. వినడానికి బాగుంటుంది, వాట్సాప్‌లోనూ బాగా తిరుగుతుంది. మనకు పెట్టి చూడండి. 1946లో సాయుధ పోరాటం, 1952లో ముల్కీ గొడవ, 1969, తర్వాత 2009. ఆరేళ్లు, పదిహేడేళ్లు, నలభై ఏళ్లు. ఇదేం చక్రం? అష్టావక్రం.

అయితే ఆ తేదీల మధ్య ఎన్నేళ్లున్నాయో చూడకండి, గొడవ దేనికి జరిగిందో చూడండి. 1952లో ఉద్యోగాలు, బయటివాళ్లకు ఇస్తున్నారని. 1969లో ఉద్యోగాలు, పాల్వంచ థర్మల్ స్టేషన్ దగ్గర మొదలైంది. 2009లో నీళ్లు, నిధులు, నియామకాలు. ఇక్కడ పీటర్ టర్చిన్ అనే ఆయన గుర్తొస్తాడు. మొదట్లో పురుగుల మీద, జంతువుల మీద లెక్కలు వేసిన శాస్త్రవేత్త, తర్వాత రాజ్యాల మీద పడ్డాడు. 2010లోనే ఆయన వచ్చే పదేళ్లలో అమెరికా, పశ్చిమ ఐరోపాల్లో అలజడి పెరుగుతుందని రాశాడు. 2020లో అమెరికా వీధులు ఎట్లున్నాయో మీరు టీవీలో చూశారు. ఆయన సంవత్సరం పేరు చూడడు, మూడు సంగతులు చూస్తాడు. మామూలు మనిషి కూలి రేటు, సర్కారు అప్పు, ఇంకా పెద్ద కుర్చీల కోసం పోటీ పడేవాళ్లు ఎంతమంది. కుర్చీలాట తెలుసు కదా, ప్రతి రౌండ్‌కు ఒక కుర్చీ తీసేస్తాం. ఆయన ఏమంటాడంటే, కుర్చీలు అన్నే ఉంచి ప్రతి రౌండ్‌కు ఆడేవాళ్లను పెంచండి, ఏం జరుగుతుందో చూడండి అని.

వెనక నిలబడ్డ పిల్లల్లారా, ఇది మీ కోసం. చైనాలో హోంగ్ షియుచ్వాన్ అని ఒక కుర్రాడుండేవాడు. పల్లెటూరివాడు, తెలివైనవాడు, ఇంటిల్లిపాదీ వాడి మీదే ఆశపెట్టుకున్నారు. సర్కారు కొలువు పరీక్ష రాశాడు, ఫెయిల్. మళ్లీ రాశాడు, ఫెయిల్. నాలుగుసార్లు. మూడోసారి ఫెయిలై మంచం పట్టి, జ్వరంలో కలలు కన్నాడు, తర్వాత ఆ కలలను బట్టి నేను దేవుడి కొడుకుననుకున్నాడు. వాడు లేవదీసిన తైపింగ్ తిరుగుబాటు 1850లో మొదలై 1864 దాకా సాగింది, రెండు కోట్లకు పైగా మనుషులు పోయారు. అంతకుముందు కాలంలో చైనా జనాభా రెట్టింపు దాటింది, పరీక్షలో సీట్లు మాత్రం పెద్దగా పెరగలేదు. ఒక్క పరీక్ష వల్లే రెండు కోట్ల మంది పోయారని నేననను. కరువు, నల్లమందు, పన్నులు, అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఎండుగడ్డి మీద అగ్గిపుల్ల గీసింది పరీక్ష పోయిన మనిషి.

నవ్వుతున్నారు. పోయిన నెల ఇదే హాల్లో ఒక అబ్బాయికి ఈ కథ చెప్పాను. పొద్దున ఏడింటికి టిఫిన్ డబ్బాతో వచ్చి రాత్రి తాళం వేసేదాకా చదివే పిల్లగాడు, గ్రూప్స్‌కు ఐదో ఏడు. అంతా విని, "సార్, ఇది పేపర్లో వస్తదా?" అన్నాడు. రాదు బిడ్డా అన్నాను. తల దించుకుని మళ్లీ కరెంట్ అఫైర్స్ చదువుకున్నాడు. నాకు కోపం రాలేదు, వాడి ప్లేటులో ఉప్మా ఎంత పలుచగా ఉందో చూశాను కాబట్టి. కోపమొచ్చింది బీరువా మీద. ఆ మూలనున్న ఆకుపచ్చ బీరువా చూడండి. చరిత్ర పుస్తకాలన్నీ అందులోనే. తాళం వేసుంది, తాళంచెవి లేదు. ఎవరినడిగినా పోయిన ఇన్‌చార్జి దగ్గరుందంటారు, ఆయన వచ్చినాయనకు ఇచ్చానంటాడు. పేర్లు చెప్పను. నాలుగేళ్లు. నా టాయిన్బీ లోపల చెదలు పట్టిందో ఏమో. పరీక్షకు వచ్చే పుస్తకాలు బయట, రానివి బీరువాలో.

టర్చిన్ ఇంకో మాటంటాడు, నన్ను పట్టుకుంది అదే. హింస చూసిన తరానికి టీకా వేసినట్టవుతుంది, వాళ్లు పిల్లల్ని గొడవలకు పోనివ్వరు. మనవల నాటికి టీకా పని చేయదు. సుమారు యాభై ఏళ్లు. 1969లో నేను పదో తరగతి. నల్లగొండలో ఊరేగింపు ఉందన్నారు. పొద్దున లేచి చూస్తే నా పాంటు లేదు. ఉన్నదే ఒక్క పాంటు. ఇల్లంతా వెతికాను. మా నాయనమ్మ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. సాయంత్రం ఊరేగింపు అయిపోయాక జొన్నల గుమ్మిలో చెయ్యి పెట్టి తీసిచ్చింది, జేబుల నిండా జొన్నలు. నేను ఏడ్చాను. "బూట్ల చప్పుడు నీకు తెల్వది, నాకు తెలుసు" అంది, అంతే.

2011 మార్చి 10, మిలియన్ మార్చ్. మా పెద్దోడు ట్యాంక్‌బండ్‌కు పోతానన్నాడు. నేను క్లాసులో తెలంగాణ గురించి గొంతు చించుకున్నవాణ్ని. ఆ ముందు రాత్రి అందరూ పడుకున్నాక లేచి, వాడి బండి తాళంచెవి తీసి, వంటింట్లో బియ్యం డబ్బాలో లోపలిదాకా చెయ్యి దూర్చి పెట్టాను. మోచేతి దాకా బియ్యం. చెయ్యి బయటికి తీస్తుంటే అప్పుడు తట్టింది నేనేం చేస్తున్నానో. చీకట్లో అట్లనే నిలబడ్డాను చాలాసేపు. కానీ తాళంచెవి మాత్రం తీయలేదు.

వాడు తెల్లారకముందే స్నేహితుడి బండి వెనక కూర్చుని ఊళ్ల మీదుగా పోయాడు. రాత్రి వచ్చాడు, ఒక చెప్పు లేదు. అన్నం పెట్టాను. వాడు నన్ను అడగలేదు, నేను వాణ్ని అడగలేదు.

బెల్లు కొడుతున్నారు, అయిపోయింది. ఒక్క మాట, పెద్దలు వినాలి. రేపు పొద్దున పదకొండింటికి నేను ఇక్కడికే వస్తాను, తాళాలు చేసే ఆయన్ను వెంట తెస్తున్నాను, ఖర్చు నాదే. ఆ తాళంచెవి ఎవరి దగ్గరన్నా ఉంటే ఈ రాత్రికి తెచ్చి ఆ టేబుల్ మీద పెట్టండి, ఎవరు పెట్టారని అడగను.