పగులు చెప్పే సాక్ష్యం

సభకు నమస్కారం. పాత ఇటుక గోడలోనో రాతి కట్టడంలోనో పగులు కనబడగానే దాన్ని సిమెంటుతో పూడ్చేయాలని తొందర కలుగుతుంది. అలా పూడ్చిన నాడే ఆ పగులు ఇవ్వగల సాక్ష్యం చెరిగిపోతుంది కనుక, కారణం తెలిసేదాకా దాన్ని ముట్టుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

రాయి, ఇటుక బరువు మోయడంలో గట్టివి. లాగే బలానికి మాత్రం తట్టుకోలేవు. అందుకే కట్టడం ఏ దిశగా లాగబడుతుందో దానికి అడ్డంగా పగులు తెరుచుకుంటుంది. పగులు మెట్లుమెట్లుగా ఏటవాలుగా సాగి, పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉంటే, గోడ చివర పునాది కుంగుతోందేమోనని ముందు అనుమానించాలి. కమాను పక్కలకు నెట్టే బలానికి గోడ బయటికి వాలితే, గుండు కట్టిన దారం వేలాడదీసి చూస్తే తెలుస్తుంది. పక్కపక్కనే సన్నని నిలువు పగుళ్లు కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అవి బరువుకు గోడ లోలోపల నలుగుతోందనడానికి గుర్తు కావచ్చు. ఇటలీలోని పావియాలో శతాబ్దాలుగా నిలిచిన గోపురం 1989 మార్చి 17న కూలి నలుగురు మరణించారు. దీర్ఘకాలం మోసిన బరువే గోడను క్రమంగా బలహీనపరిచిందని తరువాతి పరిశోధనలు సూచించాయి.

అయితే పగులు ఉన్నంత మాత్రాన కట్టడం పడిపోతుందని కాదు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం నిలువుగా చీలినప్పుడు, 1742లో ముగ్గురు గణితవేత్తలు దాని భద్రతపై తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు. 1743లో పరిశీలించిన ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ పొలేనీ, గుమ్మటంలోని ముక్కల బరువులకు తగ్గట్టు గుండ్లు కట్టిన గొలుసును వేలాడదీసి, ఆ వంపును తలకిందులు చేసి చూస్తే అది గుమ్మటం మందంలోనే ఇముడుతోందని చూపాడు. అంటే లాగే బలం అవసరం లేకుండానే బరువు గుమ్మటం మందంలోంచే కిందికి దిగే దారి ఉంది కనుక, చీలినా అది నిలబడగలదు. అయినా చీలికలు పెరగకుండా ఇనుప వలయాలు వేయాలన్న సూచనను ఆయన సమర్థించాడు. చీలిక ఎందుకు వచ్చిందన్న ప్రశ్నతోపాటు, చీలినా ఇది ఎలా నిలిచిందన్న ప్రశ్న కూడా వేయడమే ఆయన గొప్పతనమని నేను నమ్ముతాను.

ఇక పగులు కదులుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అన్నది ఒక్కరోజు చూసి తేల్చే విషయం కాదు. ఎండకు, చలికి, నేల తడికి గోడలు కొద్దిగా సాగి ముడుచుకుంటాయి కాబట్టి, పగులుకు ఇరువైపులా గుర్తులు పెట్టి, కనీసం ఒక ఏడాది పాటు తేదీ, ఉష్ణోగ్రతలతో సహా కొలతలు రాసుకోవాలి.